చెలిమె లోతు

పదకొండో భాగం

తాడిగడ్డపల్లి దగ్గర దుందుభి వాగులో ఇసుక ట్రాక్టర్లకు అడ్డంగా పడుకున్న కురుమూర్తిని ఇసుక కాంట్రాక్టరు ప్రేమ్ కుమార్ మనుషులు గొడ్డలి కామతో కొట్టి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టారని పోయిన వారం చదివారు. కాలికి కట్టు వేయించుకుని అతను వాగు గట్టునే ఉన్న తన ఇంటికి చేరాడు గాని మంచం దిగే స్థితిలో లేడు. ఐదు రోజుల్లో నాగర్‌కర్నూల్‌లో ఇసుక కమిటీ కూర్చుంటుంది. ఊరి తరఫున అక్కడ నిలబడి మాట్లాడవలసినవాడు అతనే. ఊరి పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ నేల చూశారు. అప్పుడు పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ అతని భార్య పుష్ప "నేను పోత" అంది. కథ అక్కడ ఆగింది.

పుష్ప పదో తరగతి వరకే చదివింది. నాలుగెకరాల చెలక, రెండు గేదెలు, సోమవారం తప్పకుండా శివునికి దీపం. మైకు ముందు నిలబడింది ఒకసారే, అదీ బడిలో జనగణమన పాడినప్పుడు. ఇప్పుడు ఆమె అడగవలసింది చిన్నది కాదు. ఇంకో మూడేళ్ళు ఇసుక తీసుకోవడానికి ప్రేమ్ కుమార్ ఆ కమిటీని అనుమతి అడిగాడు. మూడేళ్ళు తోడితే వాగులో బండ తేలుతుంది. బండ తేలితే బోర్లు పోతాయి, మంచినీళ్ళ బావి పోతుంది, వాటి వెనకనే ఊరు లేచిపోతుంది. కమిటీ వద్దంటేనే ఊరు నిలుస్తుంది.

ఆ ఐదు రోజులూ ఆమెకు మాట నేర్పింది నిరోష. వనపర్తిలో డిగ్రీ చదివిన పిల్ల, ఊళ్ళో అందరికంటే పెద్దవాడైన బక్కయ్యకు మనుమరాలు.

"చిన్నమ్మా, పది నిమిషాలు ఇస్తమన్నరు. ఇచ్చేది ఏడే. మొదటి మాటల్లనే మనకేం గావాల్నో చెప్పాలె. పెద్దోళ్ళు చివరిదాక ఇనరు."

"మంచీ చెడ్డా అడగకుండ సక్కగ గావాల్సింది అడిగేస్తరా ఎవలన్న?"

"ఆడ గంతే."

"ఏడుపొస్తే?"

"ఏడ్వొద్దు. ఏడిస్తే నీళ్ళ గ్లాసిచ్చి కూసోబెడ్తరు."

"తిడితే?"

"పోలీసాయన బయట కూసోబెడ్తడు."

మంచం మీద నుంచి కురుమూర్తి అన్నాడు, "తిట్టొద్దు, ఏడ్వొద్దు. ఇగ నా పెండ్లానికి మాట్లాడనీకె ఏం మిగిలింది?"

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి వారమైంది.

రాత్రి పడుకునే ముందు పుష్ప దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది. అన్నీ తెలిసిన ఆయన ముందు గంటల తరబడి చెప్పుకుంటాం, ఏమీ తెలియని అధికారి ముందు ఏడు నిమిషాల్లో ముగించాలి. ఈ లెక్క ఎవరు పెట్టారో ఆమెకు అర్థం కాలేదు. అయినా అద్దం ముందు నిలబడి, గోడ గడియారం చూసుకుంటూ, ఆ ఏడు నిమిషాల మాటను ఇరవైసార్లు చెప్పుకుంది.

నిరోష తన ల్యాప్‌టాప్‌లో పది బొమ్మలు పెట్టింది. ఎండిన బోర్లు, గుంతలు పడిన రోడ్డు, ఖాళీ తొట్లు. వాటితో పాటు తాత బక్కయ్య నోటుబుక్కు నకలు కూడా అర్జీకి జత చేసి ముందే కమిటీకి పంపింది. ఆ నోటుబుక్కు కథ ఒకటుంది. శివరాత్రి పొద్దున ఊరంతా వాగుకు పోయి ఇసుకలో కొత్త చెలిమె తవ్వుతుంది. ఆ గుంతలో ఊరిన మొదటి బిందె శివునికి. ఎన్ని మూరల లోతులో నీళ్ళు తగిలాయో బక్కయ్య చెయ్యి పెట్టి కొలిచి అందరికీ వినిపించేలా చెబుతాడు, ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాసుకుంటాడు. పద్నాలుగేళ్ళ రాత అది. ఈ ఊరు ఈ వాగు నీళ్ళే తాగి బతుకుతోందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలని ఊరంతా అనుకున్నారు. అందులో ఏం రాసి ఉందో మాత్రం ఎవరూ ఆగి చదవలేదు.

*

కమిటీ రోజు పొద్దున ఎనిమిదింటికి పుష్ప, నిరోష ఆటో ఎక్కారు. నడిపేది నాగేశ్, పుష్పకు మరిది. మీటింగు పదకొండింటికి.

తెలకపల్లి దాటాక రోడ్డు ఒకచోట మలుపు తిరిగి కల్వర్టు ఎక్కుతుంది. అక్కడ వెనక నుంచి ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. నాగేశ్ అద్దంలో చూసి, "వదినె, గట్టిగ పట్టుకోరి," అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. ట్రాక్టర్ ముందు బంపర్ ఆటో వెనక రేకును చీల్చింది. ఆటో ఎగిరి, ఒక చక్రం మీద పది గజాలు పోయి, పక్కకు ఒరిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది.

పుష్ప కళ్ళు తెరిచేసరికి ఆకాశం పక్కన ఉంది, రోడ్డు నెత్తిన ఉంది. నోట్లో ఇనుము రుచి. నాగేశ్ తల హ్యాండిల్ మీద వాలి ఉంది, నెత్తి మీద నుంచి రక్తం అతని చొక్కా కాలర్‌లోకి దారి చేసుకుని పోతోంది. నిరోష ఆటో కింద నుంచి పాకుతూ బయటికి వచ్చింది. ల్యాప్‌టాప్ సంచిని రెండు చేతులతో కడుపుకు హత్తుకుని ఉంది.

ట్రాక్టర్ మీద నుంచి ముగ్గురు దిగారు. ముందు నడిచేవాడు పెంటయ్య. పరాయివాడు కాదు, తమ ఊరివాడే. పోయిన ఏడు కురుమూర్తి ఇంట్లో బియ్యం మోసి, పుష్ప వడ్డించిన సద్ద రొట్టె తిని పోయిన మనిషి. ప్రేమ్ కుమార్ ట్రాక్టర్ తాళం చేతికొచ్చాక ఊళ్ళో తల ఎత్తి నడవడం మొదలుపెట్టాడు. అతని చేతిలో పార కామ ఉంది.

"సంచి ఇయ్యి పిల్లా. నిన్నేమి అనను," అన్నాడు.

"పెంటయ్య మామా, ఇది నా చదువు సామాను. పో," అంది నిరోష.

"మర్యాదగ అడుగుతున్న."

"ఆటోను గుద్ది అడిగేది మర్యాదనా?"

అతను కామ ఎత్తి ఆ పిల్ల ముంజేతి మీద కొట్టాడు. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. నిరోష అరవలేదు. నోరు తెరుచుకుని, ఊపిరి అందక, మోకాళ్ళ మీద కూలబడింది. రెండోవాడు సంచి లాగి ట్రాక్టర్ పెద్ద చక్రం కింద విసిరాడు. మూడోవాడు ఎక్కి బండిని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నడిపాడు. ఐదు రోజుల పని, పది బొమ్మలు, తారు రోడ్డు మీద నల్ల ముక్కలైపోయాయి.

పెంటయ్య మళ్ళీ కామ ఎత్తాడు. ఈసారి నిరోష తల వైపు.

పుష్ప చేతికి ఏం తగిలిందో ఆమె చూడలేదు. ఆటో సీటు కింద నుంచి జారి పడిన జాకీ రాడ్డు అది. పక్క నుంచి వచ్చి పెంటయ్య మోకాలి మీద కొట్టింది. అతను కుంగిపోయాడు. కామ జారింది. అక్కడితో సరిపోవాలి. సరిపోలేదు. పడినవాడి మీద రెండో దెబ్బ వేసింది, అదే మోకాలి మీద. ఎముక లోపలికి పోవడం ఇనుము మీదుగా ఆమె అరచేతికి తెలిసింది. "నా మొగని కాలు," అంది. మూడో దెబ్బ. "నా మొగని కాలు." అతను రెండు చేతులూ అడ్డం పెట్టి, "అక్కా, వద్దక్కా," అన్నాడు. ఆ అక్కా అనే మాట మీద రాడ్డు గాలిలో ఆగింది.

మిగతా ఇద్దరూ ఇటువంటిది చూస్తామనుకోలేదేమో, పెంటయ్యను చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ ట్రాక్టర్ మీద వేసుకుని పోయారు. అతని కాలు పాత గుడ్డలా వేలాడింది.

రోడ్డు ఖాళీ అయ్యాక పుష్ప చేతిలోని రాడ్డును చూసుకుంది. దాన్ని కల్వర్టు కింద పడేసి, చేతులు మట్టికి రుద్దుకుంది. మొదటి దెబ్బ ఆ పిల్ల కోసం. అది దేవుడు ఒప్పుకుంటాడు. మూడో దెబ్బ ఎవరి కోసం? నిన్న సాయంత్రం దీపం వెలిగించిన చెయ్యి ఇదే. దీనికి అంత బలం ఉందని ఆమెకు ఈ పొద్దటి దాకా తెలియదు. ఆ బలం కొట్టేటప్పుడు తియ్యగా ఉండడం ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

నాగేశ్ కళ్ళు తెరిచాడు. "ఎంత సేపైంది వదినె?"

"నువ్వు కదలకు."

"నాకేంగాలే. జర తల తిరుగుతుంది. టైం ఎంతైంది?"

తొమ్మిదిన్నర. అటుగా వచ్చిన పాల వ్యాన్ ఆగింది. డ్రైవర్ దిగి ముగ్గురినీ చూసి, దవాఖానకు ఫోన్ చేశాడు. నాగేశ్ అక్కడే గట్టు నీడన పడుకుని అంబులెన్స్ వచ్చేదాకా ఉంటానన్నాడు.

"నిరోషా, నువ్వు గూడ దవాఖానకు పో బిడ్డా. చెయ్యి చూడు ఎట్లయిందో."

నిరోష తన చున్నీతో ముంజేతిని ఛాతీకి కట్టించుకుంది. చెమటలు కారుతున్నాయి. "చెయ్యి పదకొండు తర్వాత గూడ ఇట్లనే ఉంటది చిన్నమ్మా. కమిటీ ఉండదు," అంది. ఇద్దరూ ఆ పాల వ్యాన్‌లోనే నాగర్‌కర్నూల్ పోయారు.

*

మీటింగు హాలు చల్లగా ఉంది. పొడుగాటి బల్ల. దాని అవతల ఐదుగురు. నడుమ కూర్చున్న మేడం కమిటీకి పెద్ద. నెరుస్తున్న వెంట్రుకలు, చేతిలో ఎర్ర పెన్ను. ఆమె కుడిపక్క భూగర్భ జలాల అధికారి, కళ్ళజోడు మనిషి. బల్ల ఇవతల ఒక వైపు ప్రేమ్ కుమార్, అతని తరఫున మాట్లాడే ఇంజనీరు నితిన్. నితిన్ ముందు ఫైళ్ళ కట్ట, పక్కన నీళ్ళ సీసా. వాళ్ళ తెర మీద రంగురంగుల బొమ్మ ఇంకా వెలుగుతోంది.

చెంప మీద ఎండిన రక్తంతో, చిరిగిన కొంగుతో పుష్ప లోపలికి వస్తే ప్రేమ్ కుమార్ మొహంలో ఒక్క క్షణం ఆశ్చర్యం కనబడింది. వస్తుందనుకోలేదు మరి.

"తాడిగడ్డపల్లి తరఫున మీరేనా? ఆలస్యమైంది," అని తల ఎత్తిన మేడం, చూసి ఆగిపోయింది. "ఆ రక్తం ఏమిటి? ఆ అమ్మాయి చెయ్యి ఏమైంది?"

పుష్ప ప్రేమ్ కుమార్ వైపు చూసింది. వేలు చూపించి చెప్పాలని ఉంది. చెబితే ఏమవుతుంది? పోలీసులు వస్తారు. వాంగ్మూలాలు రాస్తారు. మీటింగు వాయిదా పడుతుంది. వాయిదా పడినన్ని రోజులూ ట్రాక్టర్లు వాగులోనే ఉంటాయి. అదీగాక, మూడో దెబ్బ సంగతి కూడా చెప్పాలి.

"అది పోలీసోళ్ళకు చెప్త మేడం. నాకు ఏడు నిమిషాలే ఉన్నయి," అంది.

మేడం గడియారం వైపు చూసి, తల ఊపింది.

"తాడిగడ్డపల్లి కాడ ఇసుక తీసుడు ఆపాలె. మాకు గావాల్సింది గదొక్కటే. ఎందుకో చెప్త." బొమ్మలు లేవు. పుష్ప వేళ్ళు చూపించింది. "మా ఊర్ల నలభై మూడు బోర్లు. అండ్ల నీళ్ళిచ్చేటివి ఇప్పుడు తొమ్మిది. పోయినేడు పదహారు. మా వాగు ఎండలే. వాన తక్వ గాలే. మా పక్క ఊరి కాడ ఇసుక తియ్యలే, వాళ్ళ బోర్లు మంచిగున్నయి. ఒక్క వాగే, ఒక్క వానే. తేడా ఇసుకనే."

కళ్ళజోడు అధికారి ముందుకు వంగాడు. ఎవరి బోరు ఎప్పుడు ఆగిందో ఆమె పేరు పేరునా చెప్పింది. ఏడవలేదు. తిట్టలేదు. నాలుగు నిమిషాలు గడిచాయి. నిరోష గోడకు ఆనుకుని, తెల్లబడిన పెదాలతో, తల మాత్రం ఊపుతోంది. అట్లనే పో, అన్నట్టు.

అప్పుడు నితిన్ చెయ్యి ఎత్తాడు.

"మేడం, ఒక్క చిన్న విషయం. బోర్లు ఎండడానికి వంద కారణాలుంటాయి. వాగులో నీటి మట్టం మాత్రం అబద్ధం చెప్పదు. వీళ్ళే జత చేసిన కాగితం, పన్నెండో పేజీ, ఒకసారి చూడండి. ఊరి పెద్దమనిషి పద్నాలుగు శివరాత్రులు స్వయంగా కొలిచి రాసుకున్నది. మొదటి ఏడాది మూడు మూరలకు నీళ్ళు. ఐదో ఏడు మూడు మూరలు. పదో ఏడు మూడు మూరలు. ఈ ఏడు?" అతను పుష్ప వైపు తిరిగాడు. "ఈ ఏడు ఎంతమ్మా? మీరూ అక్కడే ఉండి ఉంటారు."

పుష్ప అక్కడే ఉంది. బిందె నెత్తిన పెట్టుకుంది ఆమే. "మూడు మూరలే," అంది.

"చూశారా మేడం. పద్నాలుగేళ్ళలో జానెడు కూడా దిగలేదు. ఇది మా రికార్డు కాదు, వాళ్ళదే."

కాగితాలు తిప్పిన చప్పుడు. కళ్ళజోడు అధికారి వెనక్కి వాలాడు. మేడం ఎర్ర పెన్ను మూత తీసింది. ప్రేమ్ కుమార్ కుర్చీలో సర్దుకుని, నిరోష వైపు చూసి, ఆమెకు మాత్రమే వినబడేలా, "మీ తాత మంచోడు పిల్లా, ఉన్నదున్నట్టు రాసిండు," అన్నాడు.

నిరోష కళ్ళు మూసుకుంది. ఆ కాగితం జత చేసింది తనే.

పుష్ప చెయ్యి మళ్ళీ పొద్దటిలాగే బిగుసుకుంది. ఎదురుగా ఉన్నది నితిన్ నున్నటి మొహం. ఒక్క అడుగు వేస్తే అందుతుంది. నితిన్ అబద్ధం ఆడి ఉంటే కొట్టడం సులువు. అతను అబద్ధం ఆడలేదు. బక్కయ్య అబద్ధం రాయలేదు. తాను అబద్ధం చెప్పలేదు. ముగ్గురూ నిజమే చెబితే ఊరు ఎట్లా ఎండింది? స్వామీ, ఇదేం పరీక్ష అనుకుంది.

చెలిమె తవ్విన చోటు కళ్ళ ముందుకు వచ్చింది. ఈ శివరాత్రికి అక్కడికి దిగడానికి గట్టు మీద నుంచి ఎంత దిగారు? గట్టుకు మెట్లు చెక్కారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మెట్లు లేవు. గట్టు మీద నుంచి ఇసుకలోకి ఊరికే నడిచి పోయేవాళ్ళు. వాగు నడుమ ఊరి మంచినీళ్ళ బావి. సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చి దించిన బావి. అప్పట్లో ఒక్క ఒర ఇసుక పైకి కనబడేది. తాను దాని మీద కూర్చుని కాళ్ళు తుడుచుకునేది. ఇప్పుడు ఆ బావి ఎక్కడానికి నిచ్చెన పెట్టారు. నిచ్చెన ఎప్పుడు పెట్టారో కూడా గుర్తు లేదు. ఏడాదికి ఒక అడుగు చొప్పున వచ్చే మార్పును రోజూ చూసే కళ్ళు పట్టవు.

"మేడం, ఇంకా ఎంత సేపుంది నాకు?"

"రెండు నిమిషాలు."

పుష్ప నితిన్ దగ్గరికి నడిచింది. ప్రేమ్ కుమార్ ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరిపాడు. ఆమె అతన్ని చూడలేదు. నితిన్ ముందున్న ఫైళ్ళ కట్టను రెండు చేతులా ఎత్తి మేడం ముందు పెట్టింది. పక్కన నీళ్ళ సీసా నిలబెట్టింది.

"ఇది మా వాగుల ఇసుక అనుకోరి. మీది నుంచి మూడు ఫైళ్ళ కింద నీళ్ళు. గంతేనా?" మూడు వేళ్ళు పెట్టి చూపించింది. "ఇప్పుడు ట్రాక్టర్లొచ్చినయి." పై నుంచి ఒక్కో ఫైలు తీసి కింద పడేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. "మల్ల శివరాత్రొచ్చింది. మా బక్కయ్య తాత మల్ల మీదికెళ్ళే కొలిచిండు. ఎంతొచ్చింది? మూడు ఫైళ్ళే. ఎప్పుడు కొలిచినా మూడే వస్తది మేడం. కట్ట ఎంతుండె, ఎంతయ్యింది?"

సీసా మెడ దాకా ఉన్న కట్ట ఇప్పుడు సీసా నడుముకు వచ్చింది.

"తప్పు మాదే. కొలత సక్కగనే ఉంది, మొదలు పెట్టిన కాడ తప్పయింది. ఇసుక మీదికెళ్ళి కొలిచినం. ఇసుకనే పోతుందని సోచాయించలే. సీసా కదల్లే గద, దాన్ని చూసుంటే తెలుస్తుండె. మా వాగుల గట్ల కదలనిది ఒకటుంది. మంచినీళ్ళ బావి. నేనొచ్చిన ఏడు ఒక్క ఒర పైకుండె. ఇప్పుడు ఎనిమిదున్నయి. సిమెంటు ఒరలు మొలవయి గద మేడం."

కళ్ళజోడు అధికారి లేచి నిలబడ్డాడు. "ఒక్కో ఒర ఎత్తు ఎంతమ్మా?"

"అడుగు."

"అంటే ఏడడుగులు." అతను నితిన్ ముందున్న కాగితం తీసుకుని చదివాడు. "మీరు ఇక్కడ రాసిచ్చింది, మొత్తం మీటరు లోతుకు మించి తీయలేదని."

నితిన్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆమె మాటకు ఆధారం..."

"ఆధారం వాగుల నిలబడి ఉంది సార్," అంది పుష్ప. "వచ్చి లెక్కపెట్టుకోరి. ఎనిమిది గాకపోతే అనుమతి ఇయ్యరి. నేనే సంతకం పెడ్త."

మేడం పెన్ను మూత పెట్టింది. "శుక్రవారం మా మనిషిని పంపిస్తాను."

"శుక్రారం వద్దు మేడం. ఇయ్యాల. మీరే రావాలె. పొద్దున ఈ పిల్ల చేతిల ల్యాప్‌టాప్ ఉండె, చెయ్యి ఇరగ్గొట్టిన్రు. శుక్రారం దాక ఏది ఉంటదో నాకు తెల్వదు."

మేడం చాలాసేపు నిరోష చున్నీ కట్టు వైపు చూసింది. తర్వాత ప్రేమ్ కుమార్ కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు ఇంకా ఊగుతోంది.

"బండి తీయమనండి," అంది మేడం.

*

నిరోషను దవాఖాన దగ్గర దించారు. జీపులో ముందు మేడం, వెనక కళ్ళజోడు అధికారి, పుష్ప. నాగర్‌కర్నూల్ దాటి పది నిమిషాలైంది. గెలిచానన్న సంతోషం రావలసిన చోట పుష్పకు ఇంకేదో మెల్లగా ఎక్కివస్తోంది. ఆధారం ఎక్కడుందో ఆమె హాల్లో బల్ల గుద్ది చెప్పింది. వినవలసినవాళ్ళు విన్నారు. వినకూడనివాడూ విన్నాడు. విన్న వెంటనే బయటికి పోయాడు.

ఫోన్ మోగింది. కురుమూర్తి.

"పుష్పా, యాడున్నవు?"

"వస్తున్న. మేడం గూడ వస్తుంది. ఏందా చప్పుడు?"

"జేసీబీ. వాగుల దిగింది. మంచం గడప కాడికి గుంజుకొని చూస్తున్న. ఇసుక కాడికి పోతలేదు, సక్కగ మంచినీళ్ళ బావి కాడికి పోతుంది." అతని ఊపిరి ఎగపోస్తోంది. "బక్కయ్య అడ్డం పోయిండు. ఎవలు చెప్పినా ఇనలే. నిచ్చెనెక్కి బావి ఒర మీదికి పోయిండు. నిచ్చెనను గూడ లోపటికి గుంజుకొని, దాని మీదికెళ్ళి బావిల దిగిండు. నేను పైకి రాను, కొట్టుకోరి అంటుండు."

"లోపట మనిషున్నడని జేసీబీ ఓనికి తెల్సా?"

"తెల్సు. ప్రేమ్ కుమార్ తమ్ముడు పక్కన నిలబడి చెయ్యి ఊపుతుండు."

ఫోన్లోంచి ఇనుము సిమెంటుకు తగిలిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆడవాళ్ళ అరుపులు. మేడం ముందు సీటులోంచి వెనక్కి తిరిగింది.

"మొదటి ఒర పడ్డది," అన్నాడు కురుమూర్తి. "పుష్పా, ఇను. ఊర్ల మొగోళ్ళు ఇండ్లల్లకు ఉరికిన్రు. గొడ్డళ్ళు తెచ్చుకున్నరు. గట్టు మీద నిలబడ్డరు, నలభై మంది. జేసీబీ మీద నలుగురే ఉన్నరు. దిగితే ఒక్కడు గూడ మిగలడు. నువ్వు ఊరి తరఫున పోయినవు, నీ మాట కోసం ఆగిన్రు. దిగమంటవా, ఆగమంటవా?"

"ఏమంటున్నాడు?" అంది మేడం. "అక్కడ ఏం జరుగుతోంది? ఎవర్నీ ముందుకు పోవద్దని చెప్పు. పోలీసులకు నేను ఫోన్ చేస్తున్నా."

పోలీసులు రావడానికి అరగంట. జీపు చేరడానికి అంతకంటే ఎక్కువ. బావిలో ముసలివాడు. గట్టు మీద గొడ్డళ్ళు. ఆగమంటే ఒక ప్రాణం పోవచ్చు. దిగమంటే నాలుగు ప్రాణాలు తప్పకుండా పోతాయి, ఆ నాలుగూ ఆమె నోటి మాట మీద పోతాయి.

"చెప్పు జల్ది," అన్నాడు కురుమూర్తి.

పుష్ప నోరు తెరిచింది. అవతల రెండో ఒర విరిగింది. బావిలోంచి బక్కయ్య గొంతు వినబడుతుందేమోనని ఆమె ఫోన్‌ను చెవికి అదుముకుంది. ఏమీ వినబడలేదు.